వెనక బరువు

9 జూలై 2007, సోమవారం

నా రాత చూసి నవ్వకు. నా అక్షరాలు ఒడ్డున పీతల్లా పక్కకి నడుస్తాయి. ఐదో తరగతిలో బడి మానేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటే క్షమించు. డైరీతో ఇలా మాట్లాడవచ్చో లేదో కూడా నాకు తెలియదు.

ఈ డైరీ కృష్ణంరాజు గారి భార్య ఇచ్చారు. ఆరిలోవలో వాళ్ళింటికి మా అత్త ఎనిమిదేళ్ళుగా చేపలు తీసుకెళ్తోంది. రాజు గారు స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఏటా ఎవరో ఒకరు వాళ్ళకి డైరీ ఇస్తారట, అది అలా బీరువా మీద పడి ఉంటుందట. "సగం ఏడాది అయిపోయింది, తేదీలు ఊరికే పోతున్నాయి. నువ్వెలాగూ నోరు తెరవవు, రాసుకో సీతాలూ" అన్నారు ఆవిడ. నాకు సిగ్గేసింది. తీసుకున్నాను.

బియ్యం డబ్బా వెనక దాచాను. అత్తకి చదువు రాదు. మా ఆయన బోటు నంబర్లు, సినిమా పోస్టర్లు తప్ప ఏమీ చదవడు.

అత్త ఈ రోజు మణికట్టుకి కట్టు విప్పేసింది. వాపు తగ్గింది. పోయిన నెల పంతొమ్మిదిన హనుమంతవాక వాలులో సైకిలు మీద నుంచి పడిపోయింది. రోడ్డు తడిగా ఉంది. అంతే.

11 జూలై, బుధవారం

అత్త సైకిలు తొక్కుతుందంటే మా పుట్టింటి వైపు తగరపువలసలో ఎవరూ నమ్మలేదు. పెళ్ళిచూపుల నాడు మా అమ్మ కూడా నమ్మలేదు, అత్త దిగి సైకిలు గోడకి ఆనించేదాకా.

మావయ్య పోయాక అత్త నెత్తి మీద గంప పెట్టుకుని ఊరంతా తిరిగింది. మెడ ఎముక అరిగిపోయింది, ఇక బరువు మొయ్యకూడదన్నాడు డాక్టరు. అత్త ఇంటికొచ్చి మావయ్య నల్ల సైకిలు బయటికి తీసింది. అప్పుడు ఆవిడకి నలభై ఎనిమిది. గోచీ పోసి చీర కట్టుకుంటే మగాళ్ళ సైకిలు అడ్డం రాదు. సముద్రం ఒడ్డున తడి ఇసకలో మూడు నెలలు పడుతూ లేస్తూ నేర్చుకుందట. పేటంతా వచ్చి నవ్విందట. ఇప్పుడు యాభై ఆరు. హార్బరు నుంచి ఆరిలోవ దాకా, వెనక నలభై కిలోల గంపతో.

జూన్‌లో పడినప్పుడు ఆ నల్ల సైకిలు ముందు చక్రం జంతికలా తిరిగిపోయింది. హనుమంతవాక దగ్గర సైకిలు షాపు కరీం బాషా దాన్ని చూసి, "దీనికి దుఆ తప్ప దవా లేదక్కా" అన్నాడు, ప్రార్థనే గానీ మందు లేదని. ఎవరో వదిలేసిన గేర్ల సైకిలు ఒకటి షాపు వెనక ఉంటే బాగుచేసి ఇచ్చాడు. కొండలెక్కే సైకిలట. టైర్లు లావుగా ఉంటాయి, వాటి మీద పీత డెక్కల్లాంటి గుబ్బలు. మావయ్య సైకిలు క్యారియరు కోసి దీనికి అతికించాడు. అత్త ఆ క్యారియరు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. నేను వేరే వైపు చూశాను.

14 జూలై

వాన. అత్త సైకిలు తుడిచింది. ఎక్కలేదు.

17 జూలై, మంగళవారం

మా ఆయన నిన్న ఒడ్డుకొచ్చాడు. పదమూడు రోజుల తర్వాత. పేరు రాద్దామంటే చెయ్యి రావడం లేదు, మా ఆయన అనే రాస్తాను.

అన్నం దగ్గర గొడవ. ఇక సైకిలు వద్దని ఆయన, నువ్వెవడివి చెప్పడానికని అత్త. పెద్దదానివైపోయావు, కాళ్ళూ చేతులూ పట్టు తప్పుతున్నాయి, వాలులో పడ్డావు, రేపు లారీ కింద పడతావు అన్నాడు. బోటులో తోటివాళ్ళు, "మీ అమ్మ సర్కసు ఎప్పుడు" అని అడుగుతున్నారట. హార్బరు షెడ్డులో నీడపట్టున రొయ్యలు ఒలిచే పని మాట్లాడేశాడు. సైకిలు కరీం బాషాకి వెనక్కి ఇచ్చేయమన్నాడు.

అత్త చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టి, నా వైపు ఒక్కసారి చూసింది. నేను నీళ్ళ చెంబు నింపడానికి లేచాను. చెంబు నిండుగానే ఉంది.

తర్వాత అత్త అడిగింది.

"ఎల్లాజీ, కరీం బాషా షాపు కాడ బోర్డు సూసినావా? ఆరిలోవ ఎనకాల కొండ మీద సైకిలు పందెం. వచ్చే నెల ఇరవయ్యారు. వానలోనే ఎట్టుకున్నారు కావాలని. యాభై దాటినోళ్ళకి యేరేగుందంట."

"అయితే ఏటి?"

"నానెక్కుతాను. మూడు రౌండ్లు. గెలుత్తానని సెప్పను. పడకుండా మూడు తిరిగి వత్తే నువ్వు ఈ జన్మలో సైకిలు మాట ఎత్తకూడదు."

"పడితే?"

"పడితే సైకిలిచ్చీసి రొయ్యలు ఒలుసుకుంతాను."

మా ఆయన పగలబడి నవ్వి చెయ్యి చాపాడు. పందెం ఖాయమైపోయింది. ఆయన ఎందుకు నవ్వాడో తెలుసు. అది పెద్ద కొండ. ఎర్రమట్టి. వానాకాలంలో మేకలు కూడా జారతాయి.

అత్త నిజంగా ముసలిదైపోయిందని ఆయన నమ్మాడు. పడింది కదా మరి. రోడ్డు తడిగా ఉంది కానీ.

19 జూలై

కలలో అనూరాధ కనిపించింది. బడిలో నా పక్కన కూర్చునేది. అదెందుకు వచ్చిందో.

22 జూలై, ఆదివారం

పొద్దున్నే అత్త, నేను, కరీం బాషా కొండ దగ్గరికి వెళ్ళాం. కరీం బాషాకి అత్త కంటే ఎక్కువ ఉత్సాహం. షాపుకి తాళం వేసి వచ్చాడు. వాళ్ళావిడ రజియా చపాతీలు కట్టి పంపింది. అత్త రేసు అయ్యేదాకా ఆయన షాపు ఇక తెరవడేమో అని కూడా చెప్పి పంపిందట.

దారి ఇలా ఉంది. కింద చదునుగా కొంత దూరం, తర్వాత నిలువు ఎక్కుడు, పైన పెద్ద బండ చుట్టూ తిరిగి, అవతల జీడిమామిడి తోటలోంచి దిగుడు, మళ్ళీ కిందికి. అది ఒక రౌండు.

అత్త మూడుసార్లు ఎక్కబోయింది. మూడుసార్లూ సగంలో వెనక చక్రం గిర్రున ఊరికే తిరిగి, సైకిలు పక్కకి పోయింది. మూడోసారి పడింది. మోకాలు గీరుకుంది. కరీం బాషా గాలి తగ్గించాడు, సీటు దించాడు, గేరు మార్చాడు. ఏం చేసినా అంతే.

అత్త ఇంటి దగ్గర దిగాక, "ఎల్లాజీ అన్నదే నిజమేమోనే" అంది.

23 జూలై

కాదు. నిజం కాదు.

2 ఆగస్టు, గురువారం

పది రోజుల్లో నాలుగుసార్లు వెళ్ళాం. నాలుగుసార్లూ పడింది. ఈ రోజు ఐదోసారి.

నేను రాయి మీద కూర్చుని చక్రమే చూస్తున్నాను. చేపలతో వెళ్ళేటప్పుడు ఆరిలోవ ఎక్కుడులో అత్త ఇలా జారడం నేనెప్పుడూ చూడలేదు. అదీ తడిగానే ఉంటుంది. అక్కడ జారనిది ఇక్కడ ఎందుకు జారుతోంది? అప్పుడు తట్టింది. గంప లేదు. ఎనిమిదేళ్ళూ అత్త వెనక నలభై కిలోలు పెట్టుకునే తొక్కింది. ఖాళీ సైకిలుతో ఎక్కుడు ఎక్కడం ఆవిడకి రాదు. వెనక బరువుంటే చక్రం మట్టిని కరుచుకుంటుంది, లేకపోతే పైపైన తిరుగుతుంది.

ఈ మాట చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. కరీం బాషా ఉన్నాడు కదా. చివరికి అత్త నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు చెవిలో చెప్పాను. అత్త నీళ్ళు మింగడం మర్చిపోయింది.

"బాషా, మా కోడలు గుంట ఏటన్నాదో ఇన్నావా? ఎనక బరువు కావాలంట."

కరీం బాషా అటూ ఇటూ చూశాడు. అక్కడ గంప లేదు, సంచి లేదు. ఇద్దరూ కలిసి నా వైపు చూశారు.

నేను వద్దన్నాను. తల ఊపాను, చెయ్యి ఊపాను. అత్త ఏమీ వినలేదు. క్యారియరు మీద కూర్చోబెట్టింది.

జూన్ పంతొమ్మిది తర్వాత నేను ఆ క్యారియరు ఎక్కలేదు. రెండు చేతులతో ఇనుము పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. దిగకూడదు, ఏం జరిగినా దిగకూడదు, అని అనుకుంటూనే ఉన్నాను. మట్టి కిందికి పోతున్నట్టు, మేం పైకి పోతున్నట్టు అనిపించింది. కళ్ళు తెరిస్తే పెద్ద బండ. దాని పక్కనుంచి సముద్రం, హార్బరు, ఓడలు, అన్నీ వానలో బూడిదరంగులో.

ఒక్కసారి కూడా జారలేదు.

నేను "అత్తా, దిగుతాను" అన్నాను. "దిగు" అంది. దిగాక వెనక్కి తిరిగి, "ఈపాలి సెప్పి దిగినావు" అంది.

అలా ఎందుకు అందో నాకు తెలియదు.

3 ఆగస్టు

తెలుసు.

10 ఆగస్టు, శుక్రవారం

రాస్తాను. రాయడానికి కూడా భయపడితే ఈ డైరీ ఎందుకు.

జూన్ పంతొమ్మిదిన నేను ఆ సైకిలు మీద ఉన్నాను. గంప ముందు, నేను వెనక అంచున, ఇంత చోటులో. ఇళ్ళు చూపిస్తాను, నేర్చుకో అని అత్త తీసుకెళ్ళింది. చినుకులు. హనుమంతవాక వాలులో దిగుతున్నాం. బస్టాపులో అనూరాధ నిలబడి ఉంది. ఇస్త్రీ చీర, భుజాన బ్యాగు, చేతిలో గొడుగు. బ్యాంకులో చేస్తుందని అమ్మ చెప్పింది. నా చీరకి చేప పొలుసులు, నా ముందు కవళ్ళ చేపల గంప. అది తల తిప్పబోతోంది.

దూకేశాను. అత్తకి చెప్పలేదు. కరెంటు స్తంభం వెనక నిలబడ్డాను.

వెనక బరువు ఒక్కసారిగా పోయేసరికి సైకిలు పాములా అటూ ఇటూ ఊగింది. అత్త పడిపోయింది. కవళ్ళన్నీ రోడ్డు మీద. అనూరాధ బస్సెక్కి వెళ్ళిపోయింది, మమ్మల్ని చూడనే లేదు.

మా ఆయన ఎలా పడ్డావని అడిగితే అత్త రోడ్డు తడిగా ఉందంది. నేనూ తడిగా ఉందన్నాను. ఇప్పుడు ఆయన వాళ్ళమ్మ ముసలిదైందంటున్నాడు. ఆవిడ సైకిలు పోయేలా ఉంది. నేను ఒక్క మాట చెబితే పందెమే అక్కర్లేదు.

ఆయన పదిహేనున వస్తాడు. చెబుతాను.

15 ఆగస్టు

ఆయన వచ్చాడు. పక్కన కూర్చుని, "ఒక మాట" అన్నాను. "ఏటి" అన్నాడు. "పులుసులో ఉప్పు సరిపోయిందా" అన్నాను.

సరిపోయిందట.

17 ఆగస్టు

ఆయన మళ్ళీ వెళ్ళాడు. ఉప్పు గురించి తప్ప ఏమీ అడగలేదు నేను.

24 ఆగస్టు, శుక్రవారం

అల్పపీడనం. బోట్లన్నీ వెనక్కి వచ్చేశాయి. మా ఆయనా వచ్చాడు. ఎల్లుండి పందెం తన కళ్ళతో చూస్తానంటున్నాడు, నలుగురు స్నేహితుల్ని కూడా తెస్తాడట. షెడ్డు వాళ్ళకి సోమవారం నుంచి మా అమ్మ వస్తుందని చెప్పేశాడట.

అత్త వినీ విననట్టు గొలుసుకి నూనె వేస్తోంది.

కృష్ణంరాజు గారే పందెం నడిపేవాళ్ళలో ఒకరు. వెళ్ళి అడిగాం, గంప కట్టుకోవచ్చా అని. ఆయన కాగితం పైనుంచి కిందికి చదివారు, కింది నుంచి పైకి చదివారు. ఎవరి సైకిలు వాళ్ళే తొక్కాలి, ఇంకొకరు సైకిలుని ముట్టుకోకూడదు, మనిషిని ఎక్కించుకోకూడదు అని ఉంది. సామాను కూడదని ఎక్కడా లేదు. "ఇది రాసినవాళ్ళు నిన్ను ఊహించలేదు కాసులమ్మా" అన్నారు అత్తతో.

26 ఆగస్టు, ఆదివారం

రేపు రాస్తాను.

27 ఆగస్టు, సోమవారం

నిన్న తెల్లారకుండానే అత్తా నేనూ హార్బరుకి వెళ్ళి గంప నింపుకున్నాం. ఐసుతో. ఎప్పటిలాగే కింద గోనె, పైన గోనె, మధ్యలో దంచిన ఐసు. తాడు నేనే బిగించి కట్టాను. గంప అంటే ఐసు అనే మా చేతులకి తెలుసు. సముద్రం ఒడ్డున ఇల్లు పెట్టుకుని, గుమ్మం ముందు అంత ఇసక పెట్టుకుని, ఇసక పొయ్యాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఏడింటికి మొదలు కావాలి. ముఖ్య అతిథి తొమ్మిదిన్నరకి వచ్చారు. అప్పటిదాకా వాన.

యాభై దాటినవాళ్ళు పదకొండు మంది. అత్త తప్ప అందరూ మగవాళ్ళే. స్టీలు ప్లాంటు ఆఫీసర్లు, ఒక డాక్టరు, రంగురంగుల బిగుతు బట్టలు. అత్తకి హెల్మెట్టు ఇచ్చారు, ముడి వల్ల తలకి పట్టలేదు. ముడి విప్పి జడ వేశాను. జడ వేసి ఎన్నేళ్ళయిందో అని అత్త దాన్ని ముందుకి వేసుకుని చూసుకుంది.

కాలేజీ కుర్రాళ్ళు జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడి గంప చూసి నవ్వుతున్నారు. వాళ్ళలో ఒకడు అడిగాడు.

"మామ్మా, వంజరం ఎలా ఇస్తన్నావ్?"

"పైన బండ కాడికి రా బాబూ, సెప్తాను. నువ్వొచ్చినేపటికి మురిగిపోద్ది గానీ."

వాడి స్నేహితులే వాణ్ణి చూసి నవ్వారు.

విజిలు. అందరూ ఎగబడి ముందుకి పోయారు, అత్త ఆఖరు. ఎక్కుడు దగ్గర వాళ్ళంతా సీటు మీద నుంచి లేచి తొక్కుతున్నారు. లేవగానే చక్రం జారుతోంది. ఒక్కొక్కరే దిగి సైకిళ్ళు తోసుకుంటున్నారు. అత్త లేవలేదు. చేపలమ్ముకోడానికి వెళ్ళినట్టే కూర్చుని, చిన్న గేరులో, తొందర లేకుండా వాళ్ళ పక్కనుంచి ఎక్కిపోయింది. ఒకాయనతో ఏదో మాట్లాడింది కూడా. తర్వాత అడిగితే, వాళ్ళావిడ రేపు పండుగప్ప చేప తెమ్మందో లేదో కనుక్కుందట.

మొదటి రౌండు అయ్యేసరికి ఆరో స్థానం. కరీం బాషా గొడుగు పట్టుకునే గంతులేస్తున్నాడు. మా ఆయన స్నేహితులు నవ్వడం మానేశారు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రెండో రౌండులో డాక్టరు గారు తుప్పల్లో పడ్డారు. అత్త పడలేదు. కానీ గంప నుంచి నీళ్ళు కారుతున్నాయి. వాన నీళ్ళనుకున్నాను. మూడో రౌండుకి నా ముందు నుంచి వెళ్తున్నప్పుడు చూశాను, నేను బిగించిన తాడు వదులుగా వేలాడుతోంది. గంప అటూ ఇటూ ఊగుతోంది.

ఐసు కరిగిపోయింది. రెండున్నర గంటలు వానలో నిలబెడితే ఏ ఐసు ఉంటుంది.

ఎక్కుడు మొదట్లోనే చక్రం గిర్రుమంది. అత్త కాలు ఆనించింది. కాలు ఆనిస్తే పడినట్టు కాదు. మళ్ళీ తొక్కింది, మళ్ళీ జారింది, మళ్ళీ కాలు. ఆవిడకి ఎందుకో అర్థం కావడం లేదని నాకు ఇక్కడి నుంచే తెలుస్తోంది. వెనక్కి తిరిగి చూడదు, హేండిలు వైపే చూస్తుంది. చేతులు పట్టు తప్పుతున్నాయని అనుకుంటోంది. ముసలిదాన్నయిపోయానని అనుకుంటోంది.

"ఇంకొక్కపాలి జారితే పడిపోద్ది" అన్నాడు మా ఆయన. పందెం గెలిచేవాడి గొంతులా లేదు.

నేను ఆ అడ్డు తాడు దగ్గరికి పరిగెత్తాను. సైకిలు ముట్టుకోకూడదమ్మా అని కృష్ణంరాజు గారు చెయ్యి అడ్డం పెట్టారు. ముట్టుకోనని తల ఊపాను. నోరు తెరిచాను. మొదటిసారి నాకే వినబడలేదు. రెండోసారి కొండకంతా వినబడింది.

"అత్తా, ఐసు కరిగిపోనాది. రాళ్ళెయ్యి. గంపలో రాళ్ళెయ్యి."

కరీం బాషా చేతిలో గొడుగు పడిపోయింది. అంతమందీ తిరిగి నన్ను చూశారు. నేను వాళ్ళని చూడలేదు, అత్తనే చూస్తున్నాను. అత్త గంపలో చెయ్యి పెట్టి చూసుకుంది. సైకిలు తొడకి ఆనించుకుని, వంగి, ఒకటి, రెండు, ఆరు రాళ్ళు వేసింది. తాడు పళ్ళతో పట్టి లాగి కట్టింది. ఎక్కి కూర్చుంది. మళ్ళీ చేపలమ్ముకోడానికి వెళ్ళినట్టే పైకి పోయింది.

బండ దాటాక తోటలో పావుగంట కనబడదు. మా ఆయన నా పక్కకి వచ్చాడు.

"నీకింత గొంతుందేటే?"

గొంతు అప్పటికే తెరుచుకుని ఉంది. ఇంక మూసుకుంటే మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందో.

"ఆ దినం అత్త పడిపోనేదు. నానే పడగొట్టినాను" అన్నాను. స్తంభం, అనూరాధ, పొలుసులు, అన్నీ చెప్పేశాను. "అత్త కాళ్ళూ సేతులూ బాగానే ఉన్నాయి. నాకే సిగ్గేసింది. సెప్పకుండా దూకీసినాను."

ఆయన "మరి అమ్మెందుకు సెప్పనేదు?" అన్నాడు.

తెలియదన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా మీదికి గొడుగు జరిపాడు, తను తడిశాడు.

అప్పుడు అత్త తోటలోంచి బయటికి వచ్చింది. ఎనిమిదో స్థానం. ఇంక ఎక్కుడు లేదు, దిగుడు లేదు, చదును నేల. జనం అరుస్తున్నారు. ఇందాకటి కుర్రాడు అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. ముగింపు గీతకి పది బారల దూరంలో అత్త మమ్మల్ని చూసింది, జనం ముందు, ఒక గొడుగు కింద ఇద్దరినీ. కుడి చెయ్యి తీసి ఊపింది.

ముందు చక్రం నీళ్ళ గుంటలో దిగబడింది. సైకిలొక పక్క, రాళ్ళొక పక్క, మధ్యలో అత్త, ఎర్రమట్టిలో బోర్లా.

అత్త లేచి కూర్చుంది. ముందు సైకిలు చూసుకుంది, తర్వాత కొడుకుని చూసింది. గీత వైపు చూడనే లేదు.

"పడిపోనాన్రా" అంది.

మా ఆయన తాడు కింద నుంచి దూరి వెళ్ళాడు. సైకిలు ముట్టుకోలేదు, అత్తనీ ముట్టుకోలేదు. ఆవిడ ముందు గొంతుకూర్చుని, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఎవులు పడ్డారు? మట్టి తడిగున్నాది. అంతే. లెగు, ఇంకా గీత దాటనేదు."

అత్త ఆయన ముఖం చూసింది, ఆయన భుజం మీదుగా నన్ను చూసింది. లేచింది. ఆ పది బారలూ తొక్కుకునే దాటింది.

పదకొండు మందిలో తొమ్మిదో స్థానం. అందరికీ ఇచ్చినట్టే పతకం ఇచ్చారు. అత్త దాన్ని మెడలో వేసుకోలేదు, సైకిలు బెల్లుకి తగిలించింది.

ఈ రోజు మధ్యాహ్నం సైకిలు కడుగుతుంటే అత్తకి కూడా చెప్పాను. ఆవిడ గుడ్డ పిండుతూనే ఉంది.

"నాకు తెల్దేటే? ఎనక బరువు దిగితే సేతులకి ముందే తెలుస్తాది."

"మరి సెప్పనేదేటి?"

"నువ్వు సెప్తావని సూసినాను. రెండు నెల్లు పట్టింది. పర్వానేదు. సైకిలు నేర్సుకోడానికి నాకు మూడు పట్టింది."

2 సెప్టెంబరు, ఆదివారం

మా ఆయన సముద్రం మీదికి వెళ్ళాడు. వెళ్ళే ముందు షెడ్డు వాళ్ళకి మా అమ్మకి తీరిక లేదని చెప్పేశాడు. మా అమ్మ సర్కసు చూడాలంటే ఆరిలోవ పొండని బోటు వాళ్ళకి తనే చెబుతున్నాడట.

ఈ రోజు క్యారియరు మీద కూర్చుని ఆరిలోవ వెళ్ళాను. వాలులో బస్టాపు వచ్చినప్పుడు తల దించుకోలేదు. ఎవరూ లేరనుకో, అది వేరే సంగతి. మొదటి వీధి మొదట్లో అత్త సైకిలు ఆపి, అరవమన్నట్టు నా వైపు చూసింది. "సేపలమ్మా" అన్నాను. సగంలో గొంతు జీరపోయింది. అయినా రెండిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి కృష్ణంరాజు గారిది. డైరీ రాస్తున్నావా అని రాజు గారి భార్య అడిగారు. లేదండీ, నాకు రాత ఎక్కడ వచ్చు అన్నాను.

వచ్చే వారం నుంచి తడి ఇసకలో అత్త నాకు సైకిలు నేర్పుతుంది. గంపలో ఇసక పోసే నేర్పుతుందట, ఖాళీ సైకిలు అలవాటైతే చెడిపోతానట. పేటంతా వచ్చి నవ్వుతారు. నవ్వనీ.

ఒకవేళ ఇది ఎవరికైనా దొరికితే, చదవకుండా పొయ్యిలో పెట్టేయండి. వానాకాలం కదా, కట్టెలు తడిసి అంటుకోవు, కాగితాలు పనికొస్తాయి. ఇక్కడిదాకా చదివేసి ఉంటే ఇంకా తొందరగా కాల్చండి. ఎందుకంటే ఒక సంగతి రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. అత్త గీత దాటినప్పుడు మా ఆయన ఏడ్చాడు. నేను చూస్తే ముఖం తిప్పుకుని, వాన తడి అన్నాడు.

తడే. అంతే.